జమాల్‌పూర్‌కు బండి ఎందుకు రాలేదు

డేటా పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు పాలమూరులోని మా ఇంటికి వస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కోర్సు మంచిది అని అడుగుతారు. వాటికి నా దగ్గరున్న జవాబులన్నీ పాతబడ్డాయి. అందుకని చాయ్ తాగించి, జమాల్‌పూర్ అనే ఊరికి టీకాల బండి ఎందుకు వెళ్లలేదో చెప్పి పంపిస్తాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నాను. చెప్పిందే చెప్పి నోరు అలిసిపోయింది కాబట్టి ఇప్పుడు రాసి పెడుతున్నాను.

మా ఆఫీసు, మా డాక్టర్ సార్

నేను పనిచేసింది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో. కింద బట్టల దుకాణం, పైన మేము. గొర్రెలు, మేకలు పెంచుకునే ఊళ్లకు మందులూ టీకాలూ పెట్టి బండ్లు పంపడం మా పని. తెలుగు టైపింగ్ వచ్చని నన్ను తీసుకున్నారు. తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు బండ్లు పెరిగాయి, ఊళ్లు పెరిగాయి. లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి చేరాయి. వాటిని చూసుకునే బాధ్యత నా మీద పడింది.

సంస్థకు పెద్ద డాక్టర్ నర్సింహులు సార్. జీవితమంతా పశువైద్యం చేసి వచ్చిన మనిషి. మంద మధ్యలో నిలబడి, నడక చూసి, ఏ గొర్రెకు ఒంట్లో బాగాలేదో చెప్పేవారు. కంప్యూటర్ మీద మాత్రం ఆయనకు నమ్మకం కుదరలేదు. "గా డబ్బా ఏమంటాంది రజియా?" అని పొద్దున్నే నా గది గుమ్మంలో నిలబడి అడిగేవారు. నేను చెప్పింది విని, కాగితం మీద ప్రింటు తీయించుకుని, మళ్లీ చదువుకునేవారు. కోపం ముక్కు మీదే ఉండేది. అరిచిన గంటకల్లా తిరిగొచ్చి, సీతాఫలాల కాలమైతే సంచీలోంచి రెండు పండ్లు తీసి బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయేవారు. నేను ఎంతోమంది పై అధికారులను చూశాను. తిట్లు తిన్నాక కూడా మర్నాడు ఆఫీసుకు పోవాలనిపించింది ఆయన దగ్గరే.

నాకు తోడుగా స్వప్న అని కోస్గి అమ్మాయి ఉండేది. హైదరాబాద్‌లో చదువుకుని, అక్కడ ఉండనని వచ్చేసింది. ప్రోగ్రాములు రాయడంలో నాకంటే ఎంతో ముందుంది. నాకు తెలియనిది అడిగినప్పుడు విసుక్కోకుండా చెప్పేది. పై చదువులు చదివినవాళ్లలో అది నేను ఎక్కువగా చూసిన గుణం కాదు.

బండి ఏ ఊరికి పోవాలో ఎవరు చెప్తారు

ప్రతి ఊళ్లో మా తరఫున ఒక మనిషి ఉండేవాడు. పశుమిత్ర అనేవాళ్లం. ఎవరి దగ్గర ఎన్ని జీవాలున్నాయో కనుక్కుని, ఫోన్‌లో తన ఊరి పేరు ఎంచుకుని, వివరాలు నింపి పంపేవాడు. అవన్నీ మా కంప్యూటర్‌కు చేరేవి. అక్కడ ఒక ప్రోగ్రాం వాటిని ఊరివారీగా కూర్చి, ఏ బండి ఏ రోజు ఎటు పోవాలో జాబితా ఇచ్చేది.

ఆ ప్రోగ్రాం మేము కొన్నది కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు తీరిక వేళల్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలిపెట్టింది. ఓపెన్ సోర్స్ అంటారు కదా, అది. దానికి మనం ముందుగా ఒక ఫైలు ఇవ్వాలి. ఈ గడిలో తేదీ ఉంటుంది, ఈ గడిలో అంకె ఉంటుంది, ఈ గడిలో ఊరి పేరు ఉంటుంది, ఊళ్లంటే ఇవీ అని అందులో రాసి ఉంటుంది. స్కీమా అంటారు దాన్ని. వచ్చిన వివరాలను ప్రోగ్రాం ఆ స్కీమాతో పోల్చి చూసుకుని, సరిపోయినవి తీసుకుంటుంది. ఆ ఊరి పేర్లన్నీ తెలుగులో టైపు చేసింది నేనే.

ఎండాకాలం చివర్లో ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. స్వప్న వేసింది. అంతా మామూలుగానే నడిచింది. జాబితా వచ్చింది, బండ్లు కదిలాయి. తొలకరి పడకముందే చిటుక రోగానికి టీకాలు అయిపోవాలి. కొత్త గడ్డి మేసిన పిల్లలు పొద్దున గంతులేసి సాయంత్రానికి పడిపోయే రోగం అది. వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ.

బాలమ్మ వచ్చింది

వానలు మొదలయ్యాయి. ఒకరోజు మెట్ల మీద పెద్ద గొంతు వినబడింది. భుజాన గొంగడి వేసుకున్న ఒక ఆడమనిషి లోపలికి వచ్చి, నా బల్ల ముందు నిలబడింది. జమాల్‌పూర్ నుంచి వచ్చానని, పేరు బాలమ్మ అని చెప్పింది.

"మా ఊరికి బండి ఎందుకు రాలే?" అంది. "చుట్టుముట్టు ఊర్లన్నిటికి వచ్చింది. మాకే రాలే. గొర్రెపిల్లలు రాలిపోతున్నయమ్మా. ఈనిన కాడ్నుంచి నా బిడ్డలోలె సాదుకున్న. పొద్దుగాల లేస్తే ఒక్కొక్కటి కాళ్లు కొట్టుకుంట కనబడ్తాంది."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నీళ్లిచ్చాను. చేతిలో పట్టుకుంది గానీ తాగలేదు.

"గా యాదగిరి మా పేర్లు పంపలే. పంపిన పంపిన అంటడు. పంపితే బండి రాదా? ఇంక వాని మొఖం చూడ. వాడు నా మందల కాలు పెడ్తే ఊకోను."

యాదగిరి జమాల్‌పూర్ పశుమిత్ర. బాలమ్మ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాడు. ఆమెను అక్కా అని పిలిచేవాడు.

గొంతు విని డాక్టర్ సార్ బయటికొచ్చారు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నారు. ఉన్న బండ్లలో ఒకదాన్ని మందులతో వెంటనే జమాల్‌పూర్ పంపించారు. తర్వాత నా వైపు తిరిగి, "జమాల్‌పూర్ నుంచి ఏమన్న వచ్చిందా లేదా చూడు" అన్నారు. కొత్త జాబితాలో వెతికాను. జమాల్‌పూర్ అన్న పేరే లేదు. జీవాలు లేని ఊరు, అడగని ఊరు జాబితాలో ఉండదు. అది మా పద్ధతి. సార్ ముఖం ఎర్రబడింది.

"అయితే గా పిలగాడు పంపలే. రేపు పిలిపియ్యి. ఇగ వాడు మనకొద్దు."

ఖాజా చెప్పిన మాట

ఆ సాయంత్రం మా బండి డ్రైవరు ఖాజా నా దగ్గరికి వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. ఊరూరా తిరిగేవాడు కాబట్టి ఎక్కడేమనుకుంటున్నారో వాడికి ముందే తెలిసేది.

"ఆపా, బయట ఏమంటున్నరో నీకెరుకేనా? జమాల్‌పూర్ ఒక్కటే గాదు. కరీమ్‌గూడకు పోలే, యూసుఫ్‌నగర్‌కు పోలే. తురకపేర్లున్న ఊర్లన్నీ సూసి సూసి ఇడిచిపెట్టిన్రు అంటున్నరు."

చేతిలో పని పక్కన పెట్టాను. "ఎవరంటున్నరు?"

"అందరంటున్నరు. ఇంకోటి గూడ అంటున్నరు. చెప్పాల్నా వద్దా?"

"చెప్పు."

"గాడ కంప్యూటర్ కాడ కూసునేది రజియా మేడమే కదా, ఆమె సుత పట్టించుకోలే అని."

ఆ ఊళ్లలో ఉండేది ఎవరు? పేరు జమాల్‌పూర్ అయినా మంద బాలమ్మది. పక్కనే మేకలు కాసుకునే మా వాళ్లూ ఉన్నారు. గొర్రెకు ఏ పేరున్న ఊరైతే ఏంటి. కానీ జనం అనుకున్నదాన్ని నేను తప్పు పట్టలేదు. విడిచిపెట్టిన ఊళ్ల పేర్లు వరసగా పెట్టి చూస్తే నాకూ అలాగే కనబడింది. ఇంట్లో ఆ మాట మా ఆయనకు కూడా చెప్పలేకపోయాను.

యాదగిరి

మర్నాడు యాదగిరి వచ్చాడు. సన్నటి మనిషి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. సార్ అరవడం మొదలుపెట్టారు. ఊళ్లో జీవాలు చస్తుంటే నిద్రెట్ల పడ్తాందిరా అన్నారు. యాదగిరి తలెత్తలేదు.

"పంపిన సార్. అందరి పేర్లు పంపిన. బాలక్కవి ముందుగాల పంపిన. దేవుని తోడు సార్."

"మరి డబ్బాల ఎందుకు లేదు?"

"నాకెట్ల తెలుస్తది సార్?"

ఆ ఒక్క మాట దగ్గర నేను లేచి నిలబడ్డాను. అతను అడిగింది నిజం. డబ్బాలో ఎందుకు లేదో చెప్పాల్సింది అతను కాదు. ఆ గదిలో కూర్చుని జీతం తీసుకునే మేము.

"సార్, రేపటిదాంక ఆగుండ్రి" అన్నాను. "నేను చూడంది ఈయనను పంపియ్యొద్దు."

సార్ నన్ను తేరిపార చూశారు. వాదిస్తారనుకున్నాను. "సరే, రేపటిదాంకనే" అని లోపలికి వెళ్లిపోయారు. యాదగిరి ఇంటికి పోనన్నాడు. ఊళ్లో మొఖం చూపించలేనని, మెట్ల మీదే కూర్చున్నాడు. ఖాజా వాడికి ఇరానీ చాయ్ తెచ్చిచ్చి పక్కనే కూర్చున్నాడు.

రామ్‌నగర్ కూడా లేదు

ప్రోగ్రాం కూర్చి ఇచ్చిన జాబితాను పక్కన పెట్టి, ఫోన్ల నుంచి వచ్చిన అసలు వివరాలు తెరిచాం. జమాల్‌పూర్ ఉంది. యాదగిరి పంపినవన్నీ ఉన్నాయి, బాలమ్మ పేరు మొట్టమొదట. స్వప్న నా వైపు చూసి, "మేడం, ఇవన్నీ లోపలికి పోయినయి, బయటికి రాలే" అంది.

లోపలికి పోయి బయటికి రాని ఊళ్లు ఇంకేమున్నాయో తీయమన్నాను. కరీమ్‌గూడ వచ్చింది, యూసుఫ్‌నగర్ వచ్చింది. ఖాజా చెప్పినవే. దాని కింద ఇంకో పేరు వచ్చింది: రామ్‌నగర్. దాని కింద శ్యామ్‌పేట.

నేను గట్టిగా నవ్వేశాను. స్వప్న భయపడింది. "ఏమైంది మేడం?"

"రాముణ్ణి గూడ ఇడిచిపెట్టింది స్వప్నా. దీనికి మనుషుల సంగతి ఏమీ తెల్వదు. అక్షరాల కాడ ఏదో తంటా ఉన్నది."

ఆ పేర్లన్నిటిలో కలిసేది ఏమిటి? స్కీమాలో ఏయే ఊళ్లున్నాయని ప్రోగ్రాం అనుకుంటోందో, దాన్నే అడిగి తెర మీదికి తెప్పించాం. అక్కడ జమాల్‌పూర్ లేదు. జమాల్పూర్ ఉంది. ల కింద ప ఒత్తు. రామ్నగర్ ఉంది, మ కింద న ఒత్తు.

"ఫాంట్ ప్రాబ్లమ్ మేడం, గది ఎప్పుడుండేదే" అంది స్వప్న. తెలుగు కంప్యూటర్ మీద పనిచేసే మనందరికీ అలవాటైన మాట అది. ఏది చెడినా ఫాంట్ అంటాం. కానీ పక్కనే, అదే తెర మీద, అదే ఫాంటులో, యాదగిరి పంపిన జమాల్‌పూర్ విడివిడిగా చక్కగా కనబడుతోంది. ఫాంట్ అయితే రెండూ చెడాలి కదా.

టైపింగ్ నేర్చుకున్న రోజుల్లో మాకు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. పొల్లు తర్వాత ఇంకో హల్లు కొడితే కంప్యూటర్ దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది. అలా మార్చకుండా ఆపడానికి మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. తెర మీద దానికి రూపం లేదు, జాగా కూడా పట్టదు. ఉన్నట్టు తెలిసేది అది లేనప్పుడే. ఆ గుర్తు మన జిల్లా పేరైన మహబూబ్‌నగర్‌లో కూడా ఉంది. జిల్లాను మేము పేరుతో కాకుండా అంకెతో గుర్తించేవాళ్లం కాబట్టి జిల్లా మొత్తం ఎగిరిపోలేదు.

స్వప్న ఆ సాఫ్ట్‌వేర్ లోపలి రాతను తెరిచింది. ఎవరైనా చూడొచ్చన్న మంచితనం దానిది. కొత్త వెర్షన్‌లో ఎవరో శ్రద్ధగల మనిషి, స్కీమా చదివేటప్పుడు అనవసరమైన ఖాళీలను, కనిపించని గుర్తులను ఊడ్చేసే ఒక వరస కోడ్ చేర్చారు. వచ్చిన వివరాలను మాత్రం ఊడ్చలేదు. ఒకవైపు గుర్తు పోయింది, రెండోవైపు ఉంది. రెండు పేర్లూ వేరని ప్రోగ్రాం అనుకుంది. అలాంటి ఊరే లేదని ఆ వివరాలను పక్కకు తోసేసింది. ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. అరిచి ఆగిపోయే ప్రోగ్రాం మంచిది. చప్పుడు చేయకుండా మనుషులను వదిలేసి, పని అయిపోయిందని చెప్పే ప్రోగ్రాం ప్రమాదం. ఆఫీసుల్లో మనుషులకు కూడా ఇదే వర్తిస్తుంది.

సార్‌ను పిలిచి తెర చూపించాం. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండు పేర్లనూ మార్చిమార్చి చూశారు. "ఇంతేనా?" అన్నారు. "గీ చిన్న ఒత్తుకా, గన్ని పిల్లలు సచ్చినయి?" అన్నారు. కుర్చీలో కూర్చుండిపోయారు. తర్వాత మెట్ల దాకా వెళ్లి, యాదగిరి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చారు.

మారెక్

పాత వెర్షన్ తిరిగి వేసి, విడిచిపోయిన ఊళ్లన్నిటికీ ఆ రోజే జాబితా తయారుచేశాం. ఆ తర్వాతి పని, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు చెప్పడం. స్వప్న ఆవేశంగా ఇంగ్లీషులో పెద్ద ఉత్తరం రాసింది. మీ నిర్లక్ష్యం అనే మాట అందులో చాలాసార్లు ఉంది.

"ఇది రాసేటాయన మనకు బాకీ లేడమ్మా" అన్నాను. "పొద్దంత ఎక్కడనో నౌకరి చేసి, మాపటికి ఇది రాస్తడు. కోపం తీసెయ్యి. ఒక్క ఊరి పేరు పెట్టు. ఏం చేస్తే పోతాందో చూపెట్టు, చాలు."

స్వప్న మూతి ముడుచుకుంది, కానీ మార్చి రాసింది. చివర మాత్రం, ఈ పేరు పోవడం వల్ల ఒక ఊళ్లో గొర్రెపిల్లలు చనిపోయాయి అని ఒక్క వాక్యం ఉంచింది. అది తీయమని నేను చెప్పలేదు.

మర్నాడే జవాబొచ్చింది. మారెక్ అనే ఆయన, చలిదేశం మనిషి. ఆ ఊడ్చే వరస రాసింది తానేనని, తన భాషలో ఆ గుర్తుకు పనేమీ లేదు కాబట్టి చెత్త అనుకున్నానని, మీ భాషలో అది అక్షరంలో భాగమని ఇప్పుడే తెలిసిందని రాశాడు. గొర్రెపిల్లల సంగతి చదివి పనిచేయలేకపోయానని కూడా రాశాడు. తన తాత గొర్రెలు కాసేవాడట. సరిచేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇకముందు ఎవరు ఏ మార్పు చేసినా ఈ తప్పు మళ్లీ రాకుండా ఒక పరీక్ష పెడతాను, దానికి ఏ పేరు పెట్టమంటారు అని అడిగాడు. స్వప్న జమాల్‌పూర్ అని రాసింది. ఆయనకు తెలుగు ఒక్క అక్షరం రాదు. మేము పంపిన పేరును జాగ్రత్తగా అలాగే అతికించాడు. ఆయనతో స్వప్నకు తర్వాత కూడా స్నేహం కొనసాగింది. దసరాకు జమ్మి ఆకు ఫోటో పంపిస్తే, అది ఏ చెట్టని పది ప్రశ్నలు అడిగాడు.

తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఇంకా తరమకండి. ఇది కూడా ఈ పనిలో నేర్చుకోవాల్సిందే.

జమాల్‌పూర్‌లో

మారెక్ సంగతి మొత్తం ఒకేసారి చెప్పేశాను గానీ, ఆయన జవాబు వచ్చిన పొద్దున మేము ఆఫీసులో లేము. బండిలో ఉన్నాం. డాక్టర్ సార్, నేను, యాదగిరి. ఖాజా నడుపుతున్నాడు. బాలమ్మ వచ్చిన రోజు పోయిన బండి జబ్బుపడ్డవాటికి మందులిచ్చి వచ్చింది. ఇంకా బాగున్నవాటికి టీకా పడాలి.

ఊరి మధ్యలో బండి ఆగగానే జనం చేరారు. యాదగిరి దిగుతుంటే ఎవరో ఏదో అన్నారు. సార్ చెయ్యెత్తి ఆపారు.

"జర వినుండ్రి. యాదగిరి అందరి పేర్లు పంపిండు. నేను సూసిన. మా కాడ మిషన్‌ల తప్పు జరిగింది. తప్పు మాది, ఈయనది గాదు. నేను గూడ ఈయనను తిట్టిన. అది గూడ తప్పే."

అన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

వెనక నుంచి ఒక పెద్దమనిషి అడిగాడు. "ఊరి పేరు సూసి ఇడిచిపెట్టలేదా మరి?"

ఆ జవాబు నేను చెప్పాలనిపించింది. ముందుకొచ్చాను. "పేరును సూసి కాదు తాతా, పేరును సదవరాక. రామ్‌నగర్‌ను గూడ సదవలేకపోయింది. ఆడికి గూడ పొద్దున బండి పోయింది." ఆయన నన్ను కాసేపు చూసి, పక్కవాడితో, "రామ్‌నగర్‌కు గూడ పోలేదటనే" అన్నాడు. ఆ మాట గుంపులో ఒకరి నుంచి ఒకరికి పోతూ ఉంటే వింటూ నిలబడ్డాను. కొందరు నమ్మారు. కొందరు నమ్మలేదని వాళ్ల ముఖాలే చెప్పాయి. నమ్మి తీరాలని అడిగే హక్కు మాకు లేదు.

బాలమ్మ ఇంటి ముందే ఉంది. గుంపులోకి రాలేదు. అన్నీ వినే ఉంటుంది. ఆమె దొడ్డిలో ముళ్లకంప పక్కన మిగిలిన పిల్లలు ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడి ఉన్నాయి. పోయినవాటి తల్లులు ఇంకా అరుస్తూనే ఉన్నాయి. మేము చెప్పగలిగిన కారణం ఏదీ ఆ అరుపును ఆపేది కాదు.

యాదగిరి సిరంజిలో మందు నింపి దొడ్డి బయటే నిలబడిపోయాడు. లోపలికి అడుగు పెట్టలేదు. సార్ తానే ముందుకు వెళ్లబోతే నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

బాలమ్మ అతన్ని చూసింది. గొంగడి తీసి కంప మీద వేసింది. దొడ్డి తడిక పక్కకు జరిపి, దగ్గరున్న పిల్లను ఒడుపుగా పట్టుకుని మోకాళ్ల మధ్య ఇరికించుకుంది.

"ఆడ్నే నిలబడ్తె ఎట్ల తమ్మీ?" అంది. "నేను పట్టుకున్న. రా, వెయ్యి."